తిరుత్తణి మెట్టలో సూది నిలవని చేను

పట్టణాల్లో విద్యుత్ ట్రాములు తిరగడం మొదలయ్యాక, భూమి అయస్కాంత శక్తిని కొలిచే సూదులు అక్కడ నిలకడగా ఉండటం లేదు. అందుకే దేశమంతటా, ఊళ్ళకు దూరంగా, కొలత కేంద్రాలు పెట్టాలని సర్కారు ఆలోచిస్తోంది. పటం మీద గుర్తుపెట్టిన చోట్లలో తిరుత్తణి దగ్గరి మెట్ట ఒకటి. అక్కడికి వెళ్తున్న అధికారి వెంట మా పత్రిక నన్ను పంపింది.

మద్రాసులో ఉదయం పాసింజరు ఎక్కితే తిరువళ్ళూరులో కాఫీ తాగే వ్యవధి ఉంటుంది. అరక్కోణంలో బండి మారి, ఎండ ముదరకముందే తిరుత్తణిలో దిగాం. అక్కడి నుంచి ఎద్దుబండి. బండివాడు రానూపోనూ రూపాయి అడిగి, ముప్పావలాకు ఒప్పుకున్నాడు. చేను ఇంకా ఫర్లాంగు దూరం ఉండగానే అధికారి బండి ఆపించాడు. చక్రాల ఇనప పట్టాలు సూదిని లాగుతాయట. నా గొడుగు, చాకు, తాళంచెవులు కూడా బండిలోనే వదిలాను.

"ఇనుము లేని కాపురం యాడన్నా ఉందా సామీ?" అని బండివాడు నవ్వాడు.

చేను వరదయ్య అనే పెద్దాయనది. నీళ్ళున్న బావి గల చేను ఆయనకు మిగిలింది అదొక్కటే. కొలతలు కుదిరితే సర్కారు దాన్ని తీసుకుని, బదులు వేరే భూమి ఇస్తుంది. ఎక్కడో ఎవరూ చెప్పలేదు.

"సూది కుదురుగా నిలిస్తే నా చేను పోతాది. అంతే గదా అయ్యా?" అని నన్నడిగాడు. అంతేనన్నాను. చెల్లెలు కుప్పమ్మ తెచ్చిన సంగటి ఆయన ముట్టలేదు.

అధికారి చేనులో నాలుగు మూలలా కొలిచాడు. నాలుగు లెక్కలు నాలుగు రకాలుగా వచ్చాయి. నా జేబులు మళ్ళీ వెతికించాడు, సూది పెట్టిన ముక్కాలి పీట మరలు చూశాడు, మళ్ళీ కొలిచాడు. మధ్యాహ్నం దాటాక కొలత పెట్టె మూసి, "ఇది పనికిరాదు. ఆ పక్క చేను చూద్దాం" అన్నాడు.

పక్క చేను కుప్పమ్మది. భర్త పోయాక ఆమె దాని మీదే బతుకుతోంది. నోరు మెదపకుంటే వరదయ్య చేను దక్కినట్టే. ఆయన తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, అధికారికి అడ్డం వెళ్ళి నిలబడి, చేని గట్టు వైపు చెయ్యి చూపించాడు.

"ఆగండయ్యా. నా గెనాల కింద దున్ని దున్ని అరిగిన మడక కర్రులుండాయి. మా తాత కాలంనించీ పూడుస్తానే వస్తిమి. అన్నం పెట్టిన ఇనుమును పాత సామాన్లోడికి అమ్మం. అవి తీసేసి మళ్ళా కొలుసుకోండి. దాని చేను జోలికి మాత్రం పోవద్దండి."

కుప్పమ్మ సంగటి కుండ దించి అన్న వైపు చూసింది. "ఏమన్నా, నీ ఒక్క చేన్లోనేనా? మా మామ నా గెనాల కింద పూడ్సలేదా? ఈ మెట్టలో కర్రు లేని చేను యాడుంది?"

"అన్నీ తవ్వించలేమా?" అన్నాడు అధికారి.

"యాడని తవ్వుతావు నాయనా? పూడ్సినోళ్ళు పోయిరి. గెనాలు గూడా జరిగిపాయె" అంది కుప్పమ్మ.

అధికారి పటం విప్పి, ఈ మెట్ట మీద గుర్తును కొట్టేశాడు. వరదయ్య అప్పుడు సంగటికి చెయ్యి చాపాడు.

తిరుగు రైల్లో అధికారి పటం మీద మరికొన్ని మైళ్ళ అవతల ఇంకో గుర్తు పెట్టాడు. అక్కడా ఒక బావి ఉంటుంది, ఒక మనిషి ఉంటాడు. దేశానికి ఈ కేంద్రాలు కావాలి, ఓడలు దారి తప్పకుండా నడవాలంటే ఈ లెక్కలు ఉండాలి. ఆ సంగతి తెలిసినా, తిరువళ్ళూరు దాటేదాకా నా మనసు ఆ కొత్త గుర్తు దగ్గరే ఉండిపోయింది. కొలత పెట్టెలతో ఇటు వచ్చేవారికి ఒక మాట: ఇనప సామాన్లు స్టేషన్లోనే వదలండి. పెట్టె తెరవకముందే చేను గలవాళ్ళ పక్కన కూర్చుని, నేలలో ఏం పూడ్చారో అడగండి.