మెష్ అంచున మడత

దయ్యాలే ఉంటే అందరికంటే ముందు నాకే కనిపించాలి. ఇన్నేళ్లుగా ఆపరేషన్ థియేటర్‌లో నర్సును. పోయినవాళ్ల కళ్లు మూసిన చేతులివి. ఎవరైనా దయ్యం కథ ఎత్తుకుంటే కసురుకునేదాన్ని. ఇప్పుడూ నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

భద్రాచలంలో మా దవాఖానాకు సమ్మయ్య అనే పెద్దమనిషి వచ్చాడు. గోదావరిలో చేపలు పట్టి బతికేవాడు. గజ్జల్లో హెర్నియా. మునుపెక్కడో కుట్లు మాత్రమే వేసి పంపారు. వల లాగేసరికి అవి సడలి పేగు మళ్లీ బయటికి తోసుకొచ్చింది. ఈసారి ఆ చోట జాలీగుడ్డలాంటి మెష్ పెట్టాలన్నారు మా డాక్టరు గారు. ఇదీ నిలవకపోతే ఇక వల మాట మరిచిపోవాల్సిందేనని ముందే చెప్పారు. వల తప్ప ఆయనకు వేరే పని రాదు.

ఆపరేషన్‌కు ముందురోజు, గడువు దాటిన మెష్ ముక్క ఒకటి ఉంటే చూపించాను. చేతిలోకి తీసుకుని అంచులన్నీ వేలితో తడిమాడు. "గిది మా వలనే గదమ్మా. అంచు మడతపడ్డదంటే ఆగదు," అన్నాడు. నీళ్లలోకి వదిలేముందు వాళ్ల నాయన అట్లా వేలు పెట్టి చూడందే ఏ వలనూ వదలనిచ్చేవాడు కాదట. ఆ నాయన వరదలో కొట్టుకుపోయాడు. శవం కూడా దొరకలేదు.

ఆపరేషన్ పొద్దున. నడుముకు సూది వేశారు, కింద స్పర్శ లేదు. ఛాతీ దగ్గర అడ్డంగా పచ్చగుడ్డ కట్టాం. మెష్ పరిచి కుట్టడం అయింది. డాక్టరు గారు పైపొర మూయబోతుండగా, అంతదాకా కళ్లు మూసుకుని ఉన్న సమ్మయ్య మాట్లాడాడు.

"సారూ, ఆగుండ్రి. లోపలి మూలకు అంచు మడతపడ్డదంటుండు మా నాయన."

"గమ్మునుండు పెద్దయ్యా," అని కసిరాను. ఆయన ఏడ్చేశాడు.

"అవ్ సిస్టరమ్మా, ఏలు పెట్టి సూస్తుండు. జర సూడుండ్రి."

డాక్టరు గారు విసుక్కుంటూనే ఆ మూల ఎత్తి చూశారు. ఎముక దగ్గర వేలెడంత మెష్ కిందికి మడతపడి ఉంది. అట్లాగే వదిలేస్తే పేగు మళ్లీ జారేది అక్కడినుంచే. సరిచేసి, మళ్లీ కుట్టి మూశారు.

పైన లైటు అద్దంలో చూశాడేమో అనుకున్నాను. బల్ల ఖాళీ అయ్యాక అడ్డంగా గుడ్డ కట్టించుకుని నేనే పడుకుని చూశాను. ఆ గుడ్డ తప్ప ఏమీ కనిపించలేదు. వల ధ్యాసలో కలవరించాడనుకుందామంటే, సరిగ్గా ఆ మూలే ఎందుకన్నాడు? ఆ మాటెత్తితే డాక్టరు గారు ఇప్పటికీ వేరే సంగతిలోకి పోతారు.

వానాకాలం పోయాక సమ్మయ్య చూపించుకోవడానికి వచ్చాడు. మళ్లీ వల లాగుతున్నాడు, లోపల అంతా గట్టిగా ఉంది. "ఇక భయం లేదు పెద్దయ్యా, మళ్లీ ఆపరేషన్ అవసరం రాదు," అన్నాను సంతోషంగా.

ఆయన ముఖం చిన్నబోయింది.

"ఇంగ రాదా సిస్టరమ్మా? పోయినంక మా నాయన గొంతు ఇన్నది గదొక్కసారే."