గుమ్మానికి కుడివైపు

మా అత్త పోయాక గోడ మీద ఆమె తల మరక తిరిగి వచ్చిందని శంషాబాద్‌లో మా చుట్టాలంతా చెప్పుకుంటారు. అబద్ధం. ఆమె కూర్చునే చోట ఏ మరకా రాలేదు. వచ్చింది ఇంకో చోట. ఆ తేడా ఎవరికీ పట్టదు. నాకు మాత్రం అదే అసలు సంగతి.

ముందే చెబుతున్నాను, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. పైగా మాది క్రైస్తవ కుటుంబం. పోయినవాళ్ళు దేవుని దగ్గర ఉంటారు తప్ప వాకిళ్ళలో తిరగరని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని.

తొంభైల మధ్యలో జరిగింది. మా ఇంట్లో ప్రతి క్రిస్మస్‌కు ముందు బయటి గోడలకు సున్నం వేయడం ఆనవాయితీ. మా అత్త మార్తమ్మ తానే సున్నం నానబెట్టి, నీలిమందు కలిపి, తానే వేసేది. అరుగు మీద గుమ్మానికి ఎడమవైపు గోడకు ఒరిగి కూర్చోవడం ఆమె అలవాటు. తలకు ఎప్పుడూ ఆముదమే. జనవరిలో తెల్లగా ఉన్న గోడ ఎండాకాలం వచ్చేసరికి ఆమె తల మేర నల్లబడేది. మళ్ళీ డిసెంబర్‌లో సున్నం. కుడివైపు నా చోటు. బియ్యం ఏరినా, పేపరు చదివినా అక్కడే.

ఆమె చివరి డిసెంబర్‌లో నేను అడ్డం పడ్డాను. ఏటేటా ఈ సున్నం గోల ఎందుకు, సిమెంటు పెయింటు వేస్తే నాలుగేళ్ళు చూడక్కర్లేదు అన్నాను.

"సిమెంటు పెయింటు ఏస్తే గోడకు దమ్ము ఆడదు," అంది అత్త.

"గోడకు దమ్మేంది? ముక్కున్నదా దానికి?"

"నీకున్నది గద. కోపమంత దాని మీదనే ఉంటది."

అంతే. ఆ ఏడు సున్నమూ లేదు, పెయింటూ లేదు. మాటలూ లేవు. ఒకే అరుగు, మధ్యలో గుమ్మం, అటు ఆమె, ఇటు నేను. ముందు ఎవరు మాట్లాడాలనేదే పంతం. ఫిబ్రవరిలో ఓ పొద్దున ఆమె నిద్ర లేవలేదు. మా మధ్య మాట కలవనే లేదు.

మరుసటి డిసెంబర్‌లో పెయింటు వేయించాను. గెలిచానని కాదు, సున్నం వేసే చెయ్యి లేదు కనుక. గగన్‌పహాడ్ నుంచి యాదగిరి అనే పెయింటర్ వచ్చాడు. మా అత్తను ఎన్నడూ చూడని మనిషి. పాత సున్నం మీద పెయింటు నిలవదని గోడంతా తీగ బ్రష్‌తో గీకాడు. ఎడమవైపు ఒక్కో పొర రాలుతుంటే దాని కింద మరో పాత మరక. అలా ఎన్నేళ్ళవో. నిలబడి చూడలేక లోపలికి పోయాను.

మర్నాడు పదకొండింటికి రెండో కోటింగ్ అయిపోయింది. యాదగిరి అన్నానికి వెళ్ళేముందు మూల నుంచి మూలకు చూశాను. ఎక్కడా వంక లేదు. వంకలు వెతకడంలో నన్ను మించినవాళ్ళు లేరని మా వాళ్ళే అంటారు, ఉంటే వదిలేదాన్నా? పచ్చి గోడను కోళ్ళు, మేకలు ముట్టకుండా వాకిట్లో కుర్చీ వేసుకుని, చిక్కుడుకాయలు ఒలుస్తూ కాపలా కూర్చున్నాను. గేటుకు గొళ్ళెం పెట్టే ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. మధ్యమధ్య తలెత్తి చూశాను. కానీ నిజం చెప్పాలి, చూసినప్పుడల్లా ఎడమవైపే చూశాను. అక్కడ జిడ్డు పైకి తేలుతుందేమోనని నా భయం.

యాదగిరి తిరిగొచ్చి గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఏందక్కా, పచ్చి గోడకు ఒరుగుతరా ఎవలన్న? ఆరేదాంక జర ఆగరాదు!"

"నేనా? కండ్లు కనపడ్తలేవా? సూడు నా వీపు!"

ముదురు ఎరుపు చీర. చుక్క పెయింటు లేదు.

గుమ్మానికి కుడివైపు, కూర్చున్న మనిషి తల ఎత్తులో, పెయింటు గుండ్రంగా చెదిరి ఉంది. దాని కింద రెండు భుజాల వెడల్పున కూడా. యాదగిరి వేలితో తాకి, వాసన చూసి, ఆ వేలు నా ముందు పెట్టాడు. ఆముదం. నేను రాసుకునేది కొబ్బరినూనె. అత్త పోయాక మా ఇంట్లో ఆముదం సీసాయే లేదు.

"మేక గావచ్చక్కా," అన్నాడు, తనకే నమ్మకం లేని గొంతుతో.

"ఆముదం పెట్టుకునే మేకను నాకు సూపియ్యి."

ఇద్దరం నవ్వలేదు. అతను ఆ మేర గీకి మళ్ళీ పెయింటు వేశాడు. తర్వాత ఎన్నడూ ఏమీ రాలేదు.

సాయంత్రం నా ఆడబిడ్డ రూతు వచ్చింది. యాదగిరి నోట విని, అరుగు మీదే నిలబడి ఏడ్చింది.

"అమ్మ జాగల అమ్మ కూసున్నది. నీ పెయింటు నచ్చలే వదినా."

"అది మీ అమ్మ జాగ గాదు, నాది," అన్నాను. వినిపించుకోలేదు. ఊరంతా పాకింది ఆమె చెప్పిన కథే.

పాత జిడ్డే తేలిందనుకుందామంటే, కుడివైపు ఆముదం తల ఎన్నడూ ఆనలేదు. ఎవరో వచ్చి ఒరిగారనుకుందామంటే, నన్ను దాటకుండా అరుగు ఎక్కే దారి లేదు. ఇన్నేళ్ళుగా అన్ని రకాలుగా వాదించుకున్నాను. నాతో నేనే ఓడిపోతున్నాను.

అత్త వచ్చిందో రాలేదో కూడా నాకు తెలియదు. వచ్చిందే అనుకుంటే మాత్రం ఒక్క జవాబు కావాలి. రెండు నెలలు గుమ్మం దాటి ఇటువైపు రాని మనిషి ఆ రోజు ఎందుకు వచ్చినట్టు? అత్తమ్మా, మాట కలుపుదామని వచ్చినవా, నేను లేచిన సందు చూసి నా జాగ గుంజుకుందామని వచ్చినవా?