హెల్దూర్ నోరు మూసుకున్న రోజు

హెల్దూర్ పాజుతో ఏ మాట చెప్పినా "దేనితో పోల్చి?" అంటాడు. ఇవాళ చలి ఎక్కువగా ఉందంటే దేనితో పోల్చి అంటాడు. సూప్ బాగుందంటే దేనితో పోల్చి అంటాడు. మీరు ఈమధ్య కాస్త చిక్కారండీ అని ఎవరైనా మర్యాదకు అంటే, సంబరపడడం మానేసి అదే ప్రశ్న వేస్తాడు. పాపం ఆ అన్నవాళ్ళు ఆయన పాత లావును గుర్తు తెచ్చుకుని, దాన్ని వర్ణించి, క్షమాపణ చెప్పుకుని బయటపడాలి.

అర్థశాస్త్రవేత్త కాకపోయి ఉంటే ఆయన్ని ఎవరో ఒకరు డాక్టరుకు చూపించేవాళ్ళు. అర్థశాస్త్రవేత్త కావడంతో జీతం ఇచ్చి కూర్చోబెట్టారు. తల్లిన్ ఓడరేవు పక్కన, ఒకప్పటి ఉప్పు గోదాములో ఉన్న మా పరిశోధన సంస్థలో ఆయనకు సముద్రం కనబడే గది ఉంది. మా పని ఏమిటంటే, యూరప్‌లోని కేంద్ర బ్యాంకులు అడిగే ప్రశ్నలకు జవాబులు వెతకడం. పనులన్నీ ఫోన్లలోకీ యంత్రాల్లోకీ మారిపోతే ఎవరి ఉద్యోగాలు పోతాయి, ఎవరి జీతాలు పెరుగుతాయి, దాంతో ధరలు ఎటు పోతాయి, వడ్డీ రేటును ఏం చేయాలి అని వాళ్ళు అడుగుతారు. మేము ఏళ్ళ తరబడి లెక్కలు కట్టి, ఎవరూ ఎత్తలేనంత పేపరు రాసి, "ఈ విషయంలో మరింత పరిశోధన అవసరం" అని ముగిస్తాం. ఆ ఆఖరి వాక్యం మీదే మా అందరి సంసారాలూ నడుస్తున్నాయి. జరగబోయేది చెప్పమంటే నీళ్ళు నములుతాం. జరిగిపోయాక మాత్రం, అది అలా జరగక తప్పదని చిన్నప్పటినుంచీ తెలిసినవాళ్ళలా వివరిస్తాం.

నిజానికి హెల్దూర్ ప్రశ్నలో తప్పేమీ లేదు. మా విద్యకు ప్రాణం అదే. ఒక ఊళ్ళో బ్యాంకు బ్రాంచి మూసేశారు, అక్కడి వాళ్ళ ఉద్యోగాలు పోయాయి అంటే సరిపోదు. మూయకపోతే పోయేవి కావా అన్నది తేలాలి. అందుకు అచ్చం అలాంటిదే, బ్రాంచి మూయని ఊరు ఇంకొకటి చూడాలి. ఈ సంగతి మేమంతా మొదటి ఏడాదే నేర్చుకున్నాం. మిగిలినవాళ్ళం సాయంత్రం దాన్ని ఆఫీసులో వదిలేసి ఇంటికి వెళతాం. హెల్దూర్ వెంట తీసుకెళతాడు.

ఆయన భార్య మైము చెప్పిన కథ ఒకటుంది. పెళ్ళి నమోదు చేసే ఆఫీసులో అక్కడి అధికారిణి నవ్వుతూ, జంట చాలా బాగుందని అందట. పెళ్ళికొడుకు వెంటనే దేనితో పోల్చి అన్నాడు. ఆవిడ తడబడకుండా, పొద్దున వచ్చిన జంటతో పోల్చి అంది. హెల్దూర్ ముఖం వెలిగిపోయింది. "విన్నావా మైమూ, ఈవిడ ఊరికే అనడం లేదు, ఆధారం ఉంది" అన్నాడు. అప్పుడే లేచి వెళ్ళిపోయేదాన్ని, కానీ కొత్త చెప్పులు కరుస్తున్నాయి, నడవలేకపోయాను అంటుంది మైము.

దుకాణాల్లో మనుషుల బదులు బిల్లు వేసే యంత్రాలు వచ్చిన కొత్తలో ఆయన ప్రతి శనివారం పరిశోధన చేసేవాడు. మైమును యంత్రం దగ్గరికి పంపి, తాను మనిషి ఉన్న వరసలో నిలబడేవాడు. పోలిక సరిగ్గా కుదరాలంటే రెండు బుట్టల్లోనూ ఒకే సరుకు ఉండాలి కదా. అందుకని రెంటిలోనూ అదే నల్ల రొట్టె, అదే చేపల డబ్బా, అదే పెరుగు. ఇంటికి అన్నీ రెండేసి వచ్చేవి. వారం పొడుగునా చేపలు తిని తిని విసిగిపోయిన మైము ఒక శనివారం యంత్రం దగ్గర బిల్లు వేసుకుని, భర్త కోసం ఆగకుండా బస్సెక్కి వెళ్ళిపోయింది. యంత్రమే వేగం అని హెల్దూర్ ఆ రోజు తేల్చాడు.

శరదృతువులో సంస్థ వాళ్ళమంతా సరస్సు ఒడ్డున సౌనాకు వెళతాం. ఆవిరి గదిలో మా మగవాళ్ళం చెక్క బల్లల మీద చెమటలు కక్కుతూ, ఒక్క మాట లేకుండా, ఎంతో ఆనందంగా కూర్చుంటాం. ఒకసారి హెల్దూర్ పక్క గది కౌపో నోరు జారి, ఇవాళ బాగా కాగింది అన్నాడు. అంతే, హెల్దూర్ అందర్నీ పై బల్ల మీదనుంచి కింద బల్లకూ, కింద బల్ల మీదనుంచి పై బల్లకూ మార్చి మార్చి కూర్చోబెట్టాడు. కౌపో తువ్వాలు కూడా మరిచిపోయి సరస్సులో దూకాడు. అప్పటినుంచీ మా సౌనాలో వేడి గురించి ఎవరూ ఎత్తరు.

అసలు మా దేశంలో మాట్లాడకపోవడమే మర్యాద. బస్సులో తెలియనివాడు నమస్కారం పెడితే ఏదో అమ్మడానికి వచ్చాడని సర్దుకుని కూర్చుంటాం. సెమినారుల్లోనూ అంతే. పేపరు చదివేవాళ్ళు చదువుతారు, మేము మా బూట్ల వంక చూసుకుంటూ వింటాం, అయ్యాక కాఫీకి పోతాం. ఇలాంటి గదిలో, రెండో స్లైడు పడీ పడకముందే, ముందు వరసనుంచి హెల్దూర్ చెయ్యి లేస్తుంది. నాకొకటి అర్థం కాలేదు అని మొదలుపెడతాడు. దేనితో పోల్చి అని అడుగుతాడు. జవాబు చెబితే దాని తోక పట్టుకుని ఇంకొకటి అడుగుతాడు. మధ్యలో వాళ్ళ అమ్మమ్మ గారి పశువులు కూడా వస్తాయి. ఇక పేపరు ఎక్కడ పూర్తవుతుంది? కౌపో తన జీవితంలో కనిపెట్టిన ముఖ్య సత్యం ఆఖరి స్లైడులో ఉందని చెబుతాడు, దాన్ని చూసినవాళ్ళం ఎవరమూ లేము.

ఎనెలి మా దగ్గరికి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఆమె ఒప్పందం వేసవితో ముగుస్తుంది. ఖాళీగా ఉన్న శాశ్వత ఉద్యోగం ఒక్కటే, అది ఆమెకు వస్తుందా రాదా అన్నది ఆమె చదవబోయే పేపరు మీద ఆధారపడి ఉంది. జనం డబ్బు వ్యవహారాలన్నీ ఫోన్లోనే చక్కబెట్టుకోవడంతో చిన్న ఊళ్ళలో బ్యాంకు బ్రాంచీలు మూతపడ్డాయి, అక్కడ కౌంటర్లలో పనిచేసిన ఆడవాళ్ళు ఏమయ్యారు అన్నది ఆ పేపరు. వాల్గా అనే చిన్న ఊళ్ళో అలాంటి కౌంటరులో ఎనెలి తల్లి పనిచేసింది, ఆ బ్రాంచి మూసేదాకా. ఆ మాట ఎనెలి పేపరులో ఎక్కడా రాయలేదు. మా వృత్తిలో మనకూ ఒక తల్లి ఉందని బయటపడితే పరువు పోతుంది.

ఆ సెమినారుకు ఒక పెద్ద కేంద్ర బ్యాంకు సలహాదారు, ప్రొఫెసర్ డోర్న్‌కాంప్, జర్మనీనుంచి వస్తున్నాడు. మనిషి మెత్తగా మాట్లాడతాడు, సన్నగా నవ్వుతాడు. ఆయన ప్రశ్నకు దొరికిపోయిన ఒకావిడ ఈ చదువే మానేసి తేనెటీగలు పెంచుకుంటోందని, ఇప్పుడు చాలా సుఖంగా ఉందని చెప్పుకుంటారు. అయినా ఎనెలికి ఆయనంటే భయం లేదు. ఆమె భయమంతా హెల్దూర్ గురించే. ఆయన నోరు తెరిస్తే తాను ఫలితం దాకా వెళ్ళలేదు, ఫలితం చెప్పకపోతే ఉద్యోగం రాదు. అందుకని బాదంపప్పు చల్లిన తీపి రొట్టె ఒకటి కొనుక్కుని ఆయన గదికి వెళ్ళింది.

"హెల్దూర్ గారూ, మీరు గురువారం ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు" అంది.

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా వద్దు. నా ఉద్యోగం దాని మీదే ఉంది."

హెల్దూర్ రొట్టె వంకా ఆమె వంకా చూశాడు. "డోర్న్‌కాంప్ వస్తున్నాడు, తెలుసుగా?"

"తెలుసు. నా లెక్కలు సరిగ్గానే ఉన్నాయండీ."

"లెక్కలు అందరివీ సరిగ్గానే ఉంటాయమ్మా" అన్నాడు ఆయన. ఇంకేదో అనబోయి ఆగి, సరే నోరెత్తను అని మాట ఇచ్చాడు. ఎనెలి గాల్లో తేలుతూ కిందికి దిగింది. ఇన్నేళ్ళలో ఎవరికీ సాధ్యం కానిది ఈ పిల్ల సాధించిందని కాఫీ మెషిన్ దగ్గర మేమంతా ఆమెను అభినందించాం. కౌపో ముఖంలో కాస్త అసూయ కూడా కనిపించింది.

గురువారం వచ్చింది. రెండో స్లైడు పడగానే అలవాటు కొద్దీ అందరి తలలూ ముందు వరస వైపు తిరిగాయి. హెల్దూర్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, పెదవులు బిగించి కూర్చున్నాడు. మూడో స్లైడు పడింది. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, రేవులో ఓడ కూత వినిపించింది. ఎనెలి హాయిగా ఊపిరి పీల్చుకుంది. సరిగ్గా ఆ నిశ్శబ్దంలోనే డోర్న్‌కాంప్ పెన్ను పైకి లేచింది.

"చిన్న సందేహం" అన్నాడు ఆయన ఎంతో మర్యాదగా. "ఇవన్నీ జనం వదిలిపోతున్న ఊళ్ళు. బ్రాంచి మూసినా మూయకపోయినా వీళ్ళ ఉద్యోగాలు పోయేవే. మరి మీరు కొలిచింది ఏమిటి?"

చూడబోతే అది హెల్దూర్ ప్రశ్నే, మంచి సూటు వేసుకుని వచ్చింది. జవాబు ఎనెలి దగ్గర ఉంది కూడా, వెనక ఎక్కడో ఒక స్లైడులో. కానీ ఆ సన్నటి నవ్వు చూసేసరికి ఆమెకు ఆ స్లైడు ఏదో గుర్తుకు రాలేదు. అంటే, అది, అని రెండు ముక్కలు అని ఆగిపోయింది. తెలియకపోతే తెలియదనవచ్చు, సిగ్గుపడనక్కర్లేదు అన్నాడు డోర్న్‌కాంప్. ఆ తర్వాత ఇంకొక మాట అన్నాడు.

"నాకెందుకో ఇది పరిశోధనలా లేదు. ఆ ఆడవాళ్ళ మీద జాలిలా ఉంది."

ఎనెలికి వాల్గాలో కౌంటరు అద్దం వెనక కూర్చున్న తల్లి కళ్ళ ముందు మెదిలింది. మేమంతా మా దేశ మర్యాద ప్రకారం బూట్ల వంక చూసుకున్నాం. మా డైరెక్టరు ఉర్వె గోడ గడియారం వంక చూసింది, అందులో ఇంకా బోలెడంత సమయం ఉంది. హెల్దూర్ ముఖం కందగడ్డలా అయింది. ఇచ్చిన మాటకు కట్టుబడి ఆయన కూర్చున్న కుర్చీ గడగడలాడిందని పక్కన కూర్చున్న కౌపో తర్వాత చెప్పాడు. ఉద్యోగం చేజారిపోయిందనే ఎనెలి అనుకుంది. ఏం చేయాలో తోచక ముందు వరస వైపు చూసింది.

"హెల్దూర్ గారూ" అంది, వెనక వరసకు వినబడనంత చిన్నగా. "మీరేమైనా అడుగుతారా?"

హెల్దూర్ లేచి నిలబడ్డాడు. "నాకొకటి అర్థం కాలేదు" అన్నాడు. "నా బుర్రకు కొంచెం నెమ్మదిగా ఎక్కుతుంది, అతిథి గారు ఏమీ అనుకోకూడదు. వాల్గాలో బ్రాంచి మూశారు, బాగుంది. అక్కడ జరిగింది దేనితో పోల్చి చెబుతున్నావు?"

ఈ ప్రశ్న ఎనెలి చలికాలమంతా విన్నది. మెట్ల మీద, లిఫ్టులో, కాఫీ మెషిన్ దగ్గర హెల్దూర్ వదలకుండా ఇదే అడిగితే, ఆ పోరు పడలేకనే ఆ పోలిక పేపరులో పెట్టింది. అందుకే జవాబు ఆమెను అడగకుండానే నోట్లోంచి వచ్చేసింది. మూతపడ్డ ప్రతి ఊరికీ జతగా, అంతే జనం ఉన్న, అంతే జనం వదిలిపోతున్న, బ్రాంచి మాత్రం నిలిచిన ఊరు ఒకటి తీసుకున్నానని చెప్పింది. ఆ స్లైడు వెతికి తెరమీద పెట్టింది. బ్రాంచి నిలిచిన చోట ఆడవాళ్ళ జీతాలు నిలిచాయి. మూతపడిన చోట వేరే పనులు దొరికాయి కానీ, జీతాలు ఏళ్ళు గడిచినా పాత స్థాయికి రాలేదు. ఇది ఊరి తప్పు కాదు, మూతపడటం వల్లే అంది.

ఇక హెల్దూర్‌ను ఆపేదెవరు? వాల్గాకు జత ఏ ఊరు అని అడిగాడు. అక్కడ దుకాణాలు ఎన్ని, బస్సు వెళుతుందా, ఆడవాళ్ళ వయసు అటూ ఇటూ ఒకటేనా అని అడిగాడు. తాను ఒకసారి ఆ ఊళ్ళో అట్లు తిన్నానని, ఉప్పు తక్కువైందని చెప్పాడు. ఆయన ఒక్కొక్కటీ అడుగుతుంటే, ఎనెలి ఒక్కొక్క స్లైడూ తిప్పుతూ జవాబు చెబుతోంది. డోర్న్‌కాంప్ పెన్ను మళ్ళీ లేచింది. హెల్దూర్ అటు చూడకుండానే, క్షమించండి, నాకు ఇంకా పూర్తిగా ఎక్కలేదు అన్నాడు. చూస్తూ చూస్తూ ఉండగానే ఎనెలి ఆఖరి స్లైడుకు చేరింది. ఉర్వె లేచి, సమయం అయిపోయింది, సూప్ చల్లారిపోతుంది అంది. పోలిక చాలా చక్కగా కుదిరిందని డోర్న్‌కాంప్ వెళుతూ వెళుతూ మెచ్చుకున్నాడు. ముందు వరసలోని పెద్దాయనకు మాత్రం విశ్రాంతి ఇస్తే బాగుంటుందన్నాడు.

ఉద్యోగం నీదే అని ఉర్వె మెట్ల దగ్గరే ఎనెలికి చెప్పింది. ఆ సంతోషంలో కూడా ఎనెలి అడగకుండా ఉండలేకపోయింది. ఆయన ఇదంతా కావాలనే చేస్తాడా అంది.

"ఆయన్ని ముందు వరసలో ఎందుకు కూర్చోబెడతాననుకున్నావు?" అంది ఉర్వె. "అందరి పేపర్లూ ముందే చదువుకుని వస్తాడు. అందులో జవాబు ఉన్న ప్రశ్నే అందరి ముందూ అడుగుతాడు. జవాబు లేనిది కనబడితే, ముందే వచ్చి కాఫీ దగ్గర పీక్కు తింటాడు. బయటినుంచి వచ్చిన పులులకు ఇక మిగిలేది ఏముంటుంది?"

ఎనెలి తిన్నగా హెల్దూర్ గదికి వెళ్ళింది. ఆయన మిగిలిన తీపి రొట్టె తింటున్నాడు. ఇన్నాళ్ళూ మీరు మా సమయం తినేస్తున్నారని తిట్టుకున్నాం, మీరు నోరు మూసుకుంటే ఏమవుతుందో ఇవాళ చూశాను, మీ మేలు మరిచిపోలేను అని కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. హెల్దూర్ చెవులు ఎర్రబడ్డాయి. అంతలోనే ఆయన కళ్ళలో ఒక మెరుపు వచ్చింది.

"ఆగమ్మా, ఒక్క సెమినారుతో ఏం తేలుతుంది?" అన్నాడు. "అది ఈ రోజు గుణమో, ఆ డోర్న్‌కాంప్ గుణమో. వచ్చే వారం కౌపో చదువుతున్నాడుగా, పారిస్ నుంచి ఇద్దరు వస్తున్నారు. మళ్ళీ ఒకసారి నోరు మూసుకుని కూర్చుంటాను, చూద్దాం."

"అయ్యో, వద్దండీ" అంది ఎనెలి. "కౌపోకు ముగ్గురు పిల్లలు. మీకు దణ్ణం పెడతాను, మీరు అడగాలి. రెండో స్లైడుకే మొదలుపెట్టండి."

అంత మంచి ప్రయోగం చేతికి అందినట్టే అంది జారిపోయినందుకు హెల్దూర్ నిట్టూర్చాడు. నీ కోసం ఒప్పుకుంటున్నాను కానీ శాస్త్రానికి ఇది తీరని నష్టం అని గొణుక్కుంటూ, కళ్ళద్దాలు పెట్టుకుని, కౌపో పేపరు దగ్గరికి లాక్కున్నాడు.