కేళీలనుకుని పీకేసిన పొట్టి మొక్కలు

సోమవారం పొద్దున్న ఏలూరు ఆసుపత్రి నుంచి మాస్టారి భార్య, అమ్మగారు, ఫోన్ చేశారు. "మీ మాస్టారు వెళ్ళిపోయారు బాబూ. ముందు మడికి నీళ్ళు పెట్టి, అప్పుడు రా" అన్నారు. భర్త పోయిన గంటకే ఆవిడకి మడి గుర్తొచ్చిందంటే, అది ఆయనకేమిటో మీకు చెప్పాలి.

తాడేపల్లిగూడెంలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు, కైకలూరు దగ్గర చేపల చెరువుల మధ్య మిగిలిన తన పది సెంట్లలో రెండు వరి రకాలు కలిపారు. ఒకటి అన్నం కమ్మగా ఉండే పాత పొడుగు రకం; కొల్లేటి గాలికి పడిపోతుంది. రెండోది ఏ గాలికీ పడని పొట్టి రకం. పువ్వు విచ్చకముందే చిన్న కత్తెరతో కొన కత్తిరించి, పుప్పొడి తిత్తులు సూదితో తీసేసి, రెండో రకం పుప్పొడి దులిపేవారు.

తొలి తరం మొత్తం పొడుగే వచ్చింది. ఆయన పాత శిష్యుణ్ణి, పక్కనే ఉన్న నేను ఎగిరిపడ్డాను.

"పొట్టిదనం పోయిందండి మాస్టారూ! వారసత్వమంతా బూటకమని మా సంఘం కరపత్రంలో ఎప్పుడో రాశారు."

"పోలేదోయ్, దాక్కుంది. వచ్చే తరంలో నాలుగింట ఒకటి పొట్టిగా వస్తుంది చూడు. కరపత్రం తర్వాత, ముందు మొక్కని చదువు."

ఆ తరం ఎదిగే వేళకి ఆయన జబ్బుచేసి ఆసుపత్రిలో చేరారు. మడి నాకప్పగించారు. మాది వరి పండించే ఇల్లు. చేలో తేడాగా కనిపించిన మొక్కని కేళీ అని పీకెయ్యడం మా చేతులకి పుట్టుకతో వచ్చిన జబ్బు. పొట్టిగా ఉన్నవన్నీ పీకి, గేదెకి మేత వేసి, ఆసుపత్రికి పరిగెత్తాను.

"మడి శుభ్రం చేశానండి. కేళీ ఒక్కటి లేదు!"

ఆయన దిండు మీంచి కాస్త లేచారు. "పొట్టివేనా పీకావు?"

"అవునండి..." అంటూనే నాకు తెలిసిపోయింది. అక్కడే గోడకి తల బాదుకున్నాను.

చెయ్యి చాపి నన్ను ఆపారు. "ఉన్న పొడుగువాటిలో మూడింట రెండు పొట్టిదనాన్ని దాచుకునే ఉంటాయిరా. ఏ మొక్క గింజలు ఆ మొక్కవే విడిగా చల్లు. బయటపడుతుంది."

తర్వాత ఆయనకి మాట పడిపోయింది. నన్ను తిట్టి పోయినా బాగుండేది. ఊరందరినీ తప్పుపట్టే నేను, ఆయన ఇన్నేళ్ళ ఎదురుచూపుని ఒక్క పూటలో గేదెకి మేపాను.

కోత కోసి, మొక్కకో వరసగా గింజలు చల్లాను. పొట్టిది ఒక్కటి కనబడితే చాలు, ఇక దాని సంతానమంతా పొట్టిగానే వస్తుంది, మాట తప్పదనేవారు మాస్టారు. రోజూ పొద్దున్నే స్కేలు పట్టుకుని వెళుతున్నాను. మొక్కలింకా లేతవి, వరసలన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి. గాలొస్తే అన్నీ ఒకే పక్కకి వంగుతున్నాయి. ఏదీ పీకకుండా, చేతులు వెనక్కి కట్టుకుని, గట్టు మీద కూర్చుంటున్నాను.