బూరుగుదూది, గుప్పెడు చోళ్ళు

మా వదినకు రాజమండ్రిలో ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. కుట్లు మానాక కూడా ఆమె పైట భుజాల చుట్టూ కప్పుకునే తిరిగేది. పాలకొల్లులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. సెలవు అయిపోవస్తున్నా వెళ్ళనంటోంది.

"బోర్డు మీద రాయాలంటే చెయ్యెత్తాలి కదా అమ్మాయ్. ముందు బెంచీ పిల్లలకి అంతా తెలిసిపోతుంది," అంది నాతో.

అన్నయ్య రొమ్ము స్థానంలో రవికె లోపల పెట్టుకోమని హాస్పిటల్లో చెప్పిన సిలికాన్‌ది తెచ్చాడు. మా ఉక్కపోతకి అది ఒంటికి అతుక్కుపోయి, మధ్యాహ్నానికల్లా మచ్చ చుట్టూ చర్మం ఎర్రగా పొక్కేది. వదిన దాన్ని బీరువాలో పడేసింది.

నేను ఇంట్లోనే మిషన్ మీద రవికెలు కుడతాను. నేనొకటి కుట్టి చూస్తానన్నాను. మెత్తటి గుడ్డ కావాలంటే అన్నయ్య లోపలికి వెళ్ళి, కట్టి కట్టి నలిగిపోయిన తన పంచె తెచ్చి మిషన్ మీద పెట్టాడు. పరుపుల షాపులో బూరుగుదూది తీసుకున్నాను. ఒంటికి తగిలే వైపు కుట్టు రాకుండా గుండ్రంగా కుట్టి దూది నింపాను. చూడ్డానికి బాగానే ఉంది గానీ బరువు లేదు. వదిన చెయ్యెత్తగానే రవికె ఆ వైపు పైకి జరిగిపోయింది.

బరువు కోసం అడుగున బియ్యం పోశాను. పురుగు పట్టింది. ఆ పురుగును చూసి వదిన ఏడ్చింది. ఆపరేషన్ అన్నప్పుడు కూడా ఏడవని మనిషి.

చివరికి రాగిజావ కోసం డబ్బాలో ఉంచిన చోళ్ళు గుర్తొచ్చాయి. అవి ఎన్నాళ్ళున్నా పుచ్చవు. గుప్పెడు ఎండబెట్టి, చిన్న సంచిలో పోసి, దూది కింద పెట్టాను. ఉతికేటప్పుడు తీసేసుకోవచ్చు. జారకుండా రవికె లోపల ఒక జేబు కుట్టాను. అంతే. ఒక హుక్కు కూడా లేదు.

వదిన అద్దం ముందు నిలబడి చెయ్యెత్తింది, దించింది.

"బరువుగా ఉందా వదినా?"

"ఉందమ్మా. ఉండాలి కదా," అంది.

మర్నాడు స్కూలుకి వెళ్ళింది.

ఏడాది తిరక్కుండానే దగ్గు మొదలైంది. జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకిందన్నారు. మళ్ళీ మందులు, మళ్ళీ జుట్టు ఊడిపోవడం. మనిషి చిక్కిపోయింది.

"ఇది పెద్దదైపోయింది, కొంచెం తగ్గించవూ," అంటూ ఒకరోజు తెచ్చిచ్చింది. రెండో వైపు కరిగిపోతోంది మరి. నేను కుట్టు విప్పి, ఇంత దూది తీసి, మళ్ళీ కుట్టాను. ఆ తర్వాత అది మామూలైపోయింది. తీసిన దూది ఒక కవర్లో వేసేదాన్ని. డాక్టరు అన్నయ్యకి ఏం చెబుతున్నాడో నేను అడగడం మానేశాను. నా చేతిలో దాన్ని పట్టుకుంటే తెలిసిపోయేది.

మంచం దిగలేని స్థితిలో ఉండగా ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచింది.

"స్కూలు పిల్లలు చూడ్డానికొస్తారు. ఆ రోజు కూడా అది పెట్టు," అంది. నేను తలూపాను.

వానల్లో పోయింది. స్నానం చేయించాక రవికె తొడుగుతుంటే మా పిన్ని, "ఇప్పుడెందుకమ్మా అదంతా, చీర కప్పితే సరిపోతుంది," అంది.

"వదిన అడిగింది పిన్నీ," అన్నాను.

తీరా పెడితే ఎత్తుగా కనబడింది. సూదీ దారం తెమ్మని, అక్కడే తడి నేల మీద కూర్చుని విప్పాను. దూది తీసి, చోళ్ళు కూడా సగం తీసేసి కుట్టాను. ఆడవాళ్ళంతా చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ తొందర పెట్టలేదు. తర్వాత పిల్లలు యూనిఫాంలో వరసగా వచ్చి చూసి వెళ్ళారు.

మొన్న పెద్దాపురం నుంచి ఒకావిడ వచ్చింది. వదినకి హాస్పిటల్లో పరిచయమట.

"నాక్కూడా ఒకటి కుట్టి పెడతారా అండీ?" అని అడిగింది.

ఇంట్లో పాత పంచె ఉంటే తెమ్మన్నాను. కుట్టి ఇచ్చాను. బాగా కుదిరింది. ఆవిడ సంతోషంగా గుమ్మం దాటుతుంటే ఆపి, "తగ్గించాల్సి వస్తే మాత్రం నా దగ్గరికి తీసుకురాకండి," అన్నాను.

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది.

"అలాగేనండి," అని వెళ్ళిపోయింది.