ముందరి పోర్షన్

సూర్యాపేటలో మాకు సొంతిల్లు ఉంది. ఈ మాట ఎవరితో చెప్పినా నా గొంతు కాస్త పైకి లేస్తుంది. ఎందుకంటే చాలా ఏళ్ళు మేం ఆ ఇంట్లో లేం, దాని వెనక ఉన్నాం. ముందు స్లాబు వేసిన ఇల్లు, హాలు, రెండు గదులు, వంటగది. వెనక రేకులు కప్పిన రెండు గదులు. ముందరి పోర్షన్ కిరాయికిచ్చి మేం రేకుల కిందికి మారాలని మా ఆయన లెక్క వేశాడు. వచ్చిన కిరాయి ముట్టుకోకుండా చిట్టీ కట్టాలి, చిట్టీ డబ్బుతో రేకుల గదులు పడగొట్టి అక్కడా స్లాబు వేయాలి, ఆ కొత్త పోర్షన్ కిరాయికిచ్చి మేం మళ్ళీ ముందరికి రావాలి. "రెండేండ్లు ఓర్సుకో, ఇగ జిందగీ అంతా ఆరామే" అన్నాడు. నేను నమ్మాను. పాకే వయసు పిల్లను చంకనెత్తుకుని వెనక్కి మారాను.

మా ఆయన మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో గుమస్తా. పొద్దున బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు వస్తాడు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. జీతం తిండికి, కరెంటుకు, దవాఖానకు. కుట్టు డబ్బులు పాప చదువుకు. కిరాయి చిట్టీకి. ఈ మూడూ ఒకదానిలో ఒకటి కలవకూడదని నాకు నేనే ఆజ్ఞ వేసుకున్నాను. పూటకు ఒకటే కూర. పప్పు చేసిన రోజు కూర లేదు. మిల్లులో చవకగా దొరికే నూకలు తెచ్చి ఉప్మా, జావ, అన్నం అన్నీ వాటితోనే. పండక్కి నాకు చీర వద్దనేదాన్ని, వద్దన్నందుకు మళ్ళీ వారం రోజులు ఆయన మీద ఎగిరేదాన్ని. ఇంత చేస్తున్నది దేనికంటే నా ముందరి పోర్షన్ కోసం. నా హాల్లో నేను కాలు చాపుకుని కూర్చోవడం కోసం.

ఆ హాల్లో కాలు చాపుకుని కూర్చున్నది టీచరమ్మ. కోదాడ నుంచి వచ్చిన జంట. ఆయనది కరెంటాఫీసులో ఉద్యోగం, ఆమె మా పక్క వీధిలో ప్రైవేటు స్కూల్లో చెబుతుంది. నాకంటే నాలుగేళ్ళు చిన్నదేమో. మంచిది. ముందే చెబుతున్నాను, ఆమెలో వంక పెట్టడానికి నేను చెయ్యని ప్రయత్నం లేదు, దొరకలేదు. ఒకటో తారీఖు పొద్దున్నే నా ఫోను టింగుమనేది, కిరాయి పడేది. గట్టిగా మాట్లాడదు. వాకిలి నాకంటే శుభ్రంగా ఊడుస్తుంది. ఇలాంటి మనిషి మీద కుళ్ళుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు. అయినా కుళ్ళుకున్నాను. దాచుకునేదేముంది.

హాలు కిటికీకి ఆమె లేత పసుపు కర్టెన్లు కట్టింది. ఆ కిటికీ నేను పెట్టించింది. మేస్త్రీ చిన్నది చాలంటే, కాదు పెద్దది కావాలని ఆయనతో కొట్లాడి పెట్టించుకున్నాను. పెద్ద కిటికీకి కర్టెన్లు కొనే స్తోమత మాకు రాకముందే వెనక్కి పోయాం. ఆమె వచ్చిన వారానికే కట్టేసింది. పొద్దున ఎండ పడితే ఆ పసుపంతా వాకిట్లోకి వచ్చేది. వచ్చిన వాళ్ళల్లా కిటికీ ఎంత బాగుందో అని ఆమెతో అనేవాళ్ళు. సొమ్మొకడిది సోకొకడిదని ఊరికే అన్నారా. నేను చీపురు పట్టుకుని ఆ మాటలు వింటూ నిలబడేదాన్ని, ఇల్లు మాదే అని అరవాలనిపించేది.

అన్నిటికంటే నా పరువు తీసింది మోటరు. బోరు మోటరు స్విచ్చి ముందరి వంటగదిలో ఉంది. ఇల్లు కట్టినప్పుడు మేమే ఉంటాం కదా అని అక్కడ పెట్టించాం. ఇక రోజూ నీళ్ళ కోసం నా ఇంటి తలుపు నేనే కొట్టి, "జర మోటర్ వెయ్యరాదమ్మా" అని అడుక్కోవాలి. ఆమె నవ్వుతూ వేసేది. ఒక్కరోజన్నా మొహం చిట్లిస్తే నాకు ఎంత హాయిగా ఉండేదో. వైరు లాగి వెనక ఇంకో స్విచ్చి పెట్టిద్దామంటే మా ఆయన, ఎట్లాగూ పడగొట్టే గదులకు దండగ ఖర్చెందుకు అన్నాడు. బియ్యం సంగతి ఇంకా దారుణం. ఆమె సన్నబియ్యం ఎక్కడ బాగుంటాయని అడిగిందట, ఈయన మిల్లు రేటుకు బస్తా ఇప్పించి ఆటోలో వేయించుకుని వచ్చాడు. నూకలు మాకు, సన్నబియ్యం వాళ్ళకు. ఆ పూట నేను అన్నం వండలేదు. అడిగితే తలనొప్పి అన్నాను.

ఒకసారి త్రిపురారం నుంచి మా ఆయనకు పెద్దమ్మ వరసయ్యే ముసలావిడ పెళ్ళికి పిలవడానికి వచ్చింది. మా పెళ్ళి తర్వాత నన్ను చూడలేదు. ముందరి తలుపు కొట్టింది. ఇస్త్రీ చీర కట్టుకుని స్కూలుకు బయల్దేరుతున్న టీచరమ్మ తలుపు తీస్తే, ఈ ఇంటి కోడలు ఈమే అనుకుని నుదుట బొట్టు పెట్టి, కార్డు చేతిలో పెట్టి, గడ్డం పట్టుకుని ముద్దు కూడా పెట్టుకుందట. పాపం టీచరమ్మ సిగ్గుపడి, ఓనర్లు వెనక ఉంటారని చెప్పి ఆవిడను వెంటబెట్టుకుని వచ్చింది. నేను మిషను మీద వంగి ఉన్నాను, జుట్టు నిండా దారం పోగులు. ముసలావిడ రేకులు చూసింది, నన్ను చూసింది. "గీడెందుకున్నరే బిడ్డా, ఇల్లు గిట్ల అమ్ముకున్నరా?" అంది. ఆ పెళ్ళికి నేను పోలేదు.

ఇంత మండినా పైకి ఒక్క మాట అనడానికి లేదు. టీచరమ్మ ఖాళీ చేసి పోతే కిరాయి ఆగుతుంది, కిరాయి ఆగితే చిట్టీ ఆగుతుంది. ఖాళీ అయిన ఇంటికి మళ్ళీ మనుషులు దొరికేదాకా వాయిదా ఎక్కడినుంచి తెచ్చేది. అందుకని నా పిల్లను కట్టడి చేశాను. గట్టిగా ఏడవకు, ముందరోళ్ళు పడుకున్నారు. వాకిట్లో బంతి ఆడకు, వాళ్ళ పూలకుండీ పగులుతుంది. ఆ గోడ మీద గీతలు గీస్తే చేతులు విరగ్గొడతాను. టీవీ చూడ్డానికి పోతే చాప మీద కూర్చో, సోఫా ఎక్కకు. పిల్ల చెప్పినట్టే విన్నది. నా పిల్ల ఎంత బుద్ధిమంతురాలో అని వీధంతా మెచ్చుకునేది, నేనూ మురిసిపోయేదాన్ని.

రెండేళ్ళు అయిపోయాయి, ఇంకో రెండూ అయిపోయాయి, ఆ పైన మరో నాలుగు కూడా గడిచాయి. మధ్యలో ఒక ఎండాకాలం గాలిదుమారానికి రెండు రేకులు లేచి పక్కింటి దొడ్లో పడ్డాయి. పడగొట్టబోయే గదులకే కొత్త రేకులు కొనాల్సి వచ్చింది, మూడు నెలల కిరాయి దానికే పోయి, చిట్టీ వాయిదాకు నా కుట్టు డబ్బులు పెట్టాం. ఆ ఏడు పాపకు కొత్త బ్యాగు లేదు. సిమెంటు ధర అడిగి వచ్చినప్పుడల్లా మా ఆయన మంచినీళ్ళు తాగి చిట్టీ పుస్తకం తీసి మళ్ళీ లెక్క వేసేవాడు. కోదాడలో టీచరమ్మ వాళ్ళమ్మావాళ్ళు ఇంటి పైన గది వేశారని ఆమె ఫోటోలు చూపిస్తే, బాగుందమ్మా బాగుందమ్మా అని రెండుసార్లు అన్నాను. ఒకసారంటే నమ్మదేమోనని.

చివరికి పోయినేడు చిట్టీ ఎత్తుకున్నాం. రేకుల గదులు పడగొట్టే ముందు ఎక్కడ ఉండాలన్నది సమస్య. బయట గది తీసుకుంటే రెండు కిరాయిలు. మా ఆయన తల గోక్కుంటుంటే టీచరమ్మే వచ్చి హాలు వాడుకోమన్నది. నేను వద్దన్నాను, ఆయన సరే అన్నాడు. అట్లా మా హాల్లో మేం చుట్టాల్లాగా దిగాం. పరుపులు పొద్దున్నే చుట్టి మూలకు పెట్టేదాన్ని. ఆమె వంటయ్యాక నేను వండేదాన్ని. ఆమె స్నానమయ్యాక మేం చేసేవాళ్ళం. స్లాబు పోసి, గోడలు లేచి, టైల్సు పడేదాకా అదే బతుకు. అన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఆమె కిరాయి తగ్గించమని అడగలేదు. అడిగి ఉంటే ఎంత బాగుండు, ఎంత స్వార్థపరురాలో చూడు అని నలుగురికి చెప్పుకునేదాన్ని.

వెనక గదులు మాత్రం నా ఇష్టం వచ్చినట్టు కట్టించాను. కిరాయికి ఇచ్చేదే కదా అని ఆయన అంటున్నా వినలేదు. వంటగట్టు నా ఎత్తుకు పెట్టించాను, అక్కడ నిలబడి పిండి పిసికినట్టు చేసి మరీ చూపించాను మేస్త్రీకి. మోటరుకు స్విచ్చి పెట్టించాను. బాత్రూము గదిలోకే కలిపించాను. టైల్సు కోసం మూడు దుకాణాలు తిరిగాను. సున్నాలు పడ్డాక ఆ గదులు చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. అప్పుడు టీచరమ్మ వచ్చింది, కొత్త నేల మీద చెప్పులు విప్పి నడిచింది.

"అక్కా, ఈ పోర్షన్ మాకే ఇవ్వండి. కావాలంటే ఇంకో వెయ్యి ఎక్కువిస్తాం. మీరు ముందుకు వెళ్ళిపోండి" అంది.

మా ఆయన మొహం వెలిగిపోయింది. అనుకున్న లెక్క తు.చ. తప్పకుండా వచ్చింది కదా. కొత్తది కిరాయికి, పాతది మాకు. నేను అన్నేళ్ళు నూకలు తిని కోరుకున్నది అదే. మరి నాకు ఒళ్ళెందుకు మండిందంటే, ఆమె కోరుకుంది కాబట్టి. నా ఎత్తుకు పెట్టిన గట్టు మీద ఆమె వండుతుంది. నేను ఏరిన టైల్సు ఆమె తుడుస్తుంది. ఆమె వాడి వదిలేసిన హాలు నాకు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, నాకైతే నా ఇంటి కూరే ఆమె కంచంలో ఉంటే రుచి. నేను వెనకే ఉంటానని మొండికేశాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ముందలికి పోదాం పోదామని నా పానం తిన్నవ్. ఇప్పుడు పోనంటవా?" అన్నాడు. కొత్త పోర్షన్ తాళంచెవి తీసుకెళ్ళి టీచరమ్మ చేతిలో పెట్టాను.

సామాను మార్చిన ఆదివారం టీచరమ్మ కర్టెన్లు విప్పుకుని పోయింది. కిటికీ బోసిపోయింది, అయినా నా కిటికీ. హాలు మధ్యలో చాప పరిచి కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఎన్నేళ్ళకో. పిల్ల మాత్రం గుమ్మం దగ్గర నిలబడి ఉంది. రావే, గోడకు ఆనుకుని కూర్చో అంటే వచ్చి గోడకు జానెడు దూరంలో కూర్చుంది. ఇప్పుడు అది నాలుగో తరగతి. స్కూల్లో దానికి బొమ్మలు వేసినందుకు ఇచ్చిన సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి ఉంచాను, రేకుల గదిలో గోడ తడిసి ఊడుతుందని ఎప్పుడూ తగిలించలేదు. సుత్తి, మేకు దాని చేతికిచ్చి, నీకు ఎక్కడ ఇష్టముంటే అక్కడ కొట్టుకో బిడ్డా అన్నాను. ఆ మాట అంటుంటే నాకు గర్వంగా ఉంది.

అది సుత్తి పట్టుకుని వెనక తలుపులోంచి బయటికి పోయింది. దేనికో అనుకున్నాను. కాసేపటికి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మా, అడిగొచ్చిన. కిటికీ పక్కన కొట్టుకోమన్నది ఆంటీ. గా స్విచ్చిబోర్డు పక్కన మాత్రం కొట్టొద్దంట, లోపల వైరున్నదంట" అంది.

ఇది మన ఇల్లే, ఆంటీనే మనకు కిరాయి ఇస్తది అని చెప్పాను. రెండుసార్లు చెప్పాను. అది బుద్ధిగా తలూపింది. తర్వాత పోయి, ఆంటీ కొట్టమన్న చోటే మేకు కొట్టింది.