అద్దంలా మెరిసిన గొట్టం

తుపాకీ గొట్టం లోపల గీతలుంటాయని, ఉండి తీరాలని నాకు తెలియదు. ఇరవై ఏళ్లుగా లేత్ మిషన్ మీద బతుకుతున్నవాడు రాయాల్సిన మాట కాదిది. ముందే ఒప్పేసుకుంటే తర్వాత తేలిక.

బహ్రెయిన్‌లో నా పని హైడ్రాలిక్ సిలిండర్లు బాగుచేయడం. సిలిండర్ లోపల గీత పడితే అది జబ్బు, అరగదీసి అద్దంలా చేయడం వైద్యం. ఒకరోజు మా వర్క్‌షాప్ యజమాని, మేమంతా అర్బాబ్ అనే ఆయన, వాళ్ల నాన్న ఎయిర్ రైఫిల్ తెచ్చి నా బల్లమీద పెట్టాడు. గొట్టాన్ని మడత దగ్గర కిందికి వంచి ఒకసారికి ఒక్క గుండే పెట్టే పాతది, కాగితాలన్నీ ఉన్నది. పెద్దాయన ఖర్జూర తోటలో ఎలుకల్ని దానితోనే కొట్టేవాడట. ఆయన పోయాక తోటతో పాటు ఎలుకలూ కొడుక్కి వారసత్వంగా వచ్చాయి.

"బయట తుప్పు తియ్యి, వెనకున్న కర్ర నా భుజానికి సరిపడా కొయ్యి, బస్" అన్నాడు.

ఆ బస్సు దగ్గర నేను ఆగలేదు. గొట్టంలోకి చూస్తే మెలికలు తిరిగిన గీతలు. ఎంత పాడైపోయిందో అని జాలిపడి, ఎవరూ అడక్కుండానే సన్నటి కడ్డీతో, రాపిడి పేస్టుతో రెండు రోజులు రుద్ది నున్నగా చేశాను.

శుక్రవారం తోటలో అర్బాబ్ గురిపెట్టాడు. డబ్బా ఒకచోట, గుండు ఒకచోట. పదోసారికి గొట్టంలోకి చూశాడు. "ఖలాస్" అని రైఫిల్‌ను గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

తిట్టే పని మా కరీంనగర్ ఫోర్‌మన్ తీసుకున్నాడు. "ఏం తమ్మీ, ఎలుకలు నీకు సన్మానం జేస్తయట గదా! నీ పుణ్యాన బతికినయి." గుదైబియాలో మా గదికి, ఆదివారం చర్చికి ఆ కథ నాకంటే ముందే చేరేది. "చేతిగీతలు బాలేకుంటే మనోని దగ్గరికి పొండ్రి, సాఫ్ జేస్తడు."

నేనూ నవ్వేవాణ్ణి. బాధ వేరే ఉంది. అర్బాబ్ నాకు పని స్వయంగా చెప్పడం మానేశాడు. అన్నీ ఫోర్‌మన్ ద్వారానే. గుండును గిరగిరా తిప్పి నేరుగా పంపేవి ఆ గీతలేనని తర్వాత తెలిసింది. తండ్రి గుర్తుగా మిగిలిన వస్తువుకు దారి చూపేదాన్నే తుడిచేశాను.

రెండు నెలలకు ధైర్యం చేసి, కొత్త బారెల్ తెప్పిస్తే నేనే బిగిస్తానని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "లోపల చెయ్యి పెట్టకు" అన్నాడు.

లైసెన్సు మీద గొట్టం వచ్చింది. లోపలి రంధ్రం ఒక్కోసారి బయటి గుండ్రానికి సరిగ్గా నడుమ ఉండదని ఈసారి అడిగి తెలుసుకున్నాను. రంధ్రాన్నే ఆధారం చేసుకుని లేత్‌కు ఎక్కించాను. గొట్టం చివర సన్నగా చెక్కి, అది బిగుసుకునే పాత ఇనుప దిమ్మెలో కదలకుండా కూర్చోబెట్టడానికి మూడు శుక్రవారాలు పట్టింది.

తోటలో ఫోర్‌మన్ కూడా చూస్తుండగా అర్బాబ్ ఐదు గుండ్లు కొట్టాడు. అట్టమీద ఐదూ కలిసి ఒకే చిరుగు. బొటనవేలితో మూయొచ్చు. ఆ అట్టను మడిచి జేబులో పెట్టుకుని, రైఫిల్‌ను ఫోర్‌మన్‌కు కాదు, నాకే ఇచ్చాడు. "ట్రిగ్గర్ కొంచెం మెత్తగా చెయ్యి."

"తమ్మీ, నేనొక్కటి కొడ్తనే" అన్నాడు ఫోర్‌మన్.

గుండు లేదని చూసుకుని, గొట్టం వంచి వెనకవైపు ఆయనకు చూపించాను. "ముందు గీతలెన్నో చెప్పండన్నా."

ఒంటికన్ను పెట్టాడు. "పది."

"సరిగ్గా చూడండి."

"పదకొండు?"

"మళ్లీ."

మెలికల వెంట ఆయన తల కూడా తిరుగుతోంది. అర్బాబ్ నవ్వు ఆపుకుంటున్నాడు. అవి ఎన్నో నాకూ తెలియదు.